కొత్తగా తెరిచిన రెస్టారెంట్‌లో మధ్యాహ్న భోజనం: ఎప్పుడు వెళ్లాలి, ఏం తినాలి, ఎలా తేల్చుకోవాలి

పెద్ద నగరంలో ఆఫీసుల చుట్టుపక్కల ఎప్పుడూ ఏదో ఒక కొత్త రెస్టారెంట్ తెరుస్తూనే ఉంటారు. కొందరు బోర్డు కనిపించిన రోజే వెళ్తారు. ఆలస్యమైందనో ఉప్పు ఎక్కువైందనో విసుక్కుని, మళ్లీ అటువైపు చూడరు. ఇంకొందరు నలుగురూ బాగుందన్నాక వెళ్దాంలే అని ఆగుతారు. ఈలోపు అది మూతపడుతుంది, లేదంటే టేబుల్ దొరకనంత రద్దీ అయిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఒక పద్ధతి ఉంది. అది మధ్యాహ్నం పూట బాగా పనికొస్తుంది.

మధ్యాహ్నమే ఎందుకంటే, వండే కిచెన్ అదే అయినా చాలాచోట్ల బిల్లు రాత్రి కంటే తక్కువవుతుంది. రాత్రి మసక లైట్లలో, పాటల హోరులో కనబడని నేల, గ్లాసు, ప్లేటు పగటి వెలుతురులో కనబడతాయి. పైగా మధ్యాహ్నం వచ్చేవాళ్లంతా ఒకే గంటలో వస్తారు, అందరికీ తొందరే. కిచెన్ ఎంత సర్దుకుందో ఆ గంటలో తేలిపోతుంది. నచ్చకపోయినా పోయేది ఒక పూట భోజనమే.

కొత్త చోట తప్పులు జరగడం సహజం. వాటిలో నెల తిరిగేసరికి వాళ్లే సరిదిద్దుకునేవి కొన్ని, ఎన్నాళ్లయినా పోనివి కొన్ని. కింద చెప్పినవన్నీ ఆ తేడా పట్టుకోవడానికే.

1. కొత్తవి ఎక్కడ తెరిచారో తెలుసుకోండి

ముందు దూరం లెక్కేసుకోండి. మధ్యాహ్నం గంట విరామం ఉన్నవాళ్లకు నడకైనా బండైనా పది నిమిషాల్లో చేరే చోటే పనికొస్తుంది. అంతకంటే దూరమైనవి సెలవు రోజుకు పెట్టుకోండి. ఆ పరిధిలో వారానికోసారి దారి మార్చి నడిస్తే చాలు, ‘త్వరలో ప్రారంభం’ బోర్డులు, లోపల జరుగుతున్న వడ్రంగి పని, ‘స్టాఫ్ కావలెను’ కాగితాలు కనబడతాయి. తెరిచిన రెండు నెలల తర్వాత కూడా ఆ కాగితం తీయకపోతే, లోపల మనుషులు నిలవడం లేదేమో అని అనుమానించాలి. మ్యాప్ యాప్‌లో అదే ప్రాంతంలో రెస్టారెంట్లు వెతికి, రివ్యూలు తక్కువగా ఉన్నవాటిని తెరిచి, అన్నిటికంటే పాత రివ్యూ తేదీ చూస్తే ఎప్పుడు మొదలైందో దాదాపుగా తెలుస్తుంది.

ప్రారంభం రోజుల్లో వచ్చే వీడియోలను నమ్ముకోవద్దు. వాటిలో చాలావరకు ఆహ్వానం మీద వెళ్లి తీసినవే. ఆ ప్లేటు కోసం పెద్ద వంటవాడు తీరిగ్గా నిలబడి ఉంటాడు. మీ ప్లేటుకు ఆ తీరిక దొరకదు. వాటి బదులు మామూలు కస్టమర్లు పెట్టిన ఫొటోలు చూడండి. ఒకే వంటకం వేర్వేరు తేదీల్లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వారం ఫొటోలో నిండుగా ఉన్న గిన్నె మూడో వారానికి సగానికి తగ్గిందా? రంగు ఒక్కోసారి ఒక్కోలా ఉందా? స్టార్‌ల రేటింగ్ చెప్పని సంగతి ఆ నాలుగు ఫొటోలు చెబుతాయి.

బోర్డు కొత్తదై లోపలి మనుషులు పాతవాళ్లే అయిన చోట్లు కూడా ఉంటాయి. పేరు, రంగులు మార్చి మళ్లీ తెరుస్తారు. పక్క దుకాణంలో ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది.

2. మొదటి వారం వద్దు, మరీ ఆలస్యమూ వద్దు

చాలా రెస్టారెంట్లు అధికారికంగా తెరవడానికి ముందు కొన్ని రోజులు సాఫ్ట్ లాంచ్ పేరుతో తెలిసినవాళ్లకు, పిలిచినవాళ్లకు వడ్డిస్తాయి. అప్పుడు మెనూలో కొన్నే ఉంటాయి, ఒక్కోసారి తగ్గింపు కూడా ఇస్తారు. సరదాగా వెళ్లాలంటే వెళ్లండి గానీ, తేల్చుకోవడానికి అది సరైన సమయం కాదు. మొదటి వారంలో సర్వర్లకు టేబుల్ నంబర్లు కూడా అలవాటు కావు. ఏ వంటకం ఎంత అమ్ముడవుతుందో తెలియక సరుకు కొన్ని రోజులు మిగిలిపోతుంది, కొన్ని రోజులు చాలదు.

నా లెక్కలో మూడో వారం నుంచి ఆరో వారం మధ్య వెళ్లడం మంచిది. అప్పటికి చేతులు కుదురుకుంటాయి. ప్రారంభం హడావుడి చూడటానికి వచ్చినవాళ్లు తగ్గుతారు. యజమాని మాత్రం ఇంకా రోజూ అక్కడే ఉంటాడు, చెబితే వింటాడు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కొన్ని రెస్టారెంట్లు ముందు రాత్రి భోజనంతోనే మొదలుపెట్టి, కొన్ని వారాల తర్వాత మధ్యాహ్నం కూడా తెరుస్తాయి. అలాంటి చోట మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రోజు మళ్లీ మొదటి రోజు కిందే లెక్క. పగటి షిఫ్టుకు మనుషులు వేరు, మెనూ వేరు. మీ మూడు వారాలు అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి.

వారంలో మంగళ, బుధ, గురువారాలు నయం. చాలా కిచెన్లలో సోమవారం మధ్యాహ్నం సరుకు సర్దుకునే పూట, శుక్రవారం బృందాలుగా వచ్చేవాళ్లతో రద్దీ. టైము విషయంలో ఆఫీసుల రద్దీ మొదలయ్యే ముందు అరగంట అన్నిటికంటే మంచిది. రద్దీ తగ్గాక వెళ్దామంటే, చివరి ఆర్డర్ టైము తెలుసుకుని వెళ్లాలి. కిచెన్ మూసే ముందు వెళ్తే మిగిలినవే వస్తాయి.

3. ఒక ఫోన్ చేయండి

కొత్త చోట్ల టైమింగులు వారానికోసారి మారుతుంటాయి, యాప్‌లో ఉన్నది పాతదై ఉండొచ్చు. ఫోన్ చేసి నాలుగు ముక్కలు అడగండి: మధ్యాహ్నం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, చివరి ఆర్డర్ ఎప్పుడు, మధ్యాహ్నానికి వేరే మెనూ ఉందా, టేబుల్ బుక్ చేసుకోవచ్చా. ‘మాకు గంటలో అయిపోవాలి, కుదురుతుందా?’ అని కూడా అడగండి. ‘కుదురుతుంది, కానీ ఫలానావి ఆర్డర్ చేయకండి, వాటికి టైము పడుతుంది’ అని చెప్పే చోటికి ధైర్యంగా వెళ్లొచ్చు. తన కిచెన్ సంగతి తెలిసిన మనిషి ఫోన్ దగ్గర ఉన్నాడన్నమాట.

అలర్జీ ఉన్నవాళ్లు ఈ ఫోన్‌లోనే ఆ మాట ఎత్తాలి, మళ్లీ టేబుల్ దగ్గరా చెప్పాలి. కొత్త చోట రెసిపీలు ఇంకా మారుతూ ఉంటాయి. పోయిన వారం లేని వేరుశనగ ఈ వారం గ్రేవీలో చేరి ఉండొచ్చు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల గురించి కస్టమర్‌కు తెలియజేయాలి. అమెరికా చట్టంలో ముఖ్యమైన అలర్జీ పదార్థాలు 9, అందులో నువ్వులు 2023లో చేరాయి. మీరున్న చోట చట్టం ఎలా ఉన్నా, ‘ఉండదనుకుంటా’ అనే సమాధానాన్ని ఒప్పుకోకండి. కిచెన్‌లో అడిగి రమ్మనండి. అడగడానికి వెళ్లకపోతే ఆ పూట అక్కడ తినకండి.

4. గంటను ముందే పంచుకోండి

రానూపోనూ ఇరవై నిమిషాలు పోతే మిగిలేది నలభై. అందులో కూర్చుని ఆర్డర్ ఇవ్వడానికి అయిదు, వంట రావడానికి పదిహేను, తినడానికి పదిహేను, బిల్లుకు అయిదు. అందుకే మెనూ ముందే ఆన్‌లైన్‌లో చూసుకుని, ఏం తినాలో సగం తేల్చుకుని వెళ్లాలి. కూర్చోగానే సర్వర్‌తో ‘నలభై నిమిషాల్లో బయటపడాలండీ’ అని చెప్పేయండి. ఇలా చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. నిజానికి సర్వర్‌కు అది సాయం, మీ ఆర్డర్‌ను ఎక్కడ పెట్టాలో అతనికి తెలుస్తుంది. చివరి పదార్థం రాగానే బిల్లు కూడా తెమ్మనండి. కొత్త చోట్ల టైము ఎక్కువగా పోయేది బిల్లు దగ్గరే. మెషిన్ పనిచేయదు, తగ్గింపు కోడ్ పడదు, మేనేజర్ రావాలి.

తలుపు దగ్గర డెలివరీ బండ్లవాళ్లు ఎంతమంది నిలబడి ఉన్నారో చూడండి. హాలు సగం ఖాళీగా ఉన్నా, బయట అరడజను మంది పార్సిళ్ల కోసం నిలబడి ఉంటే కిచెన్ నిండిపోయినట్టే. మీ ఆర్డర్ ఆ వరస వెనక్కే వెళ్తుంది. టైము లేని రోజైతే అక్కడి నుంచే వెనక్కి తిరిగి ఇంకో రోజు రండి.

5. కూర్చున్న మొదటి అయిదు నిమిషాలు

కొన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి. కుర్చీ కిర్రుమనడం, ఇంకా ఆరని పెయింట్ వాసన, మెనూలో అచ్చుతప్పులు, మీ ఆర్డర్ రెండుసార్లు అడగడం లాంటివి కొత్తదనం తెచ్చే ఇబ్బందులు. నాలుగు వారాల్లో పోతాయి.

మిగిలినవాటి దగ్గర కన్ను ఆపండి. తలుపు తీయగానే మరిగి మరిగి నల్లబడ్డ నూనె వాసన వచ్చిందంటే నూనె మార్చడంలో పొదుపు చేస్తున్నారని అర్థం. అది అలవాటు, దానంతటది పోదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు సబ్బు, నీళ్లు, తుడుచుకునేందుకు కాగితం ఉన్నాయా చూడండి. చాలాచోట్ల స్టాఫ్ వాడేదీ అదే సింకు. తెరిచి నెల కాని చోట సబ్బు డబ్బా ఖాళీగా ఉంటే నేనైతే ఆ రోజుకు పచ్చివేవీ తినను. లైసెన్సు, తనిఖీ పత్రం కనబడేచోట ఉన్నాయేమో చూడండి. న్యూయార్క్‌లో 2010 నుంచి తనిఖీ గ్రేడు అక్షరాన్ని బయటివాళ్లకు కనబడేలా అతికించాలి. అన్ని ఊళ్లలో ఆ ఏర్పాటు లేదు గానీ, లైసెన్సు అడిగితే చూపించడానికి ఎవరూ తటపటాయించకూడదు.

మెనూ పొడుగు కూడా చూడండి. చిన్న కిచెన్, కొత్త స్టాఫ్, మెనూలో నాలుగు దేశాల వంటలు కలిపి వంద రకాలు. అంత సరుకు తాజాగా పెట్టుకోవడం వాళ్ల వల్ల కాదు, చాలావరకు ఫ్రీజర్‌లోంచే రావాలి. ఒక్క పేజీ మెనూతో తెరిచిన చోటికి నేను ముందు వెళ్తాను.

ఇక కిచెన్ కిటికీ. ప్లేట్లు సిద్ధమై అక్కడే ఉండిపోతుంటే లోపం హాల్లో ఉంది, మనుషులు చాలడం లేదు. కిటికీ ఖాళీగా ఉండి సర్వర్లు చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంటే లోపం లోపల ఉంది. ఇద్దరు సర్వర్లను పెట్టుకుంటే మొదటిది పోతుంది. రెండోదానికి చాలా టైము పడుతుంది.

6. ఏం ఆర్డర్ చేయాలి

ఒకటి సాదాది, ఒకటి వాళ్లు గొప్పగా చెప్పుకునేది. సాదాది అంటే మసాలా గానీ సాస్ గానీ దాచడానికి వీల్లేనిది: మామూలు అన్నమో రొట్టెనో, ఒక కూరగాయ వేపుడో, సూపో. అన్నం మెతుకు సరిగ్గా ఉడికిందా, కూరగాయ మరీ మెత్తబడకుండా దించారా, సూప్‌లో ఉప్పు సరిపోయిందా? ఇవి సరిగ్గా వచ్చాయంటే లోపల ఎవరో రుచి చూసి పంపుతున్నారు. గొప్పగా చెప్పుకునేది తింటే ఆ రెస్టారెంట్ ఏ ఉద్దేశంతో తెరిచారో తెలుస్తుంది. దానికోసమే మళ్లీ రావాలనిపిస్తుందా అన్నది చూడాలి.

‘ఇక్కడ ఏది బాగుంటుంది?’ అని అడిగితే ‘అన్నీ బాగుంటాయి’ అనే జవాబే వస్తుంది. ‘మధ్యాహ్నం ఎక్కువగా ఏది పోతోంది?’ అని అడగండి. ఎక్కువగా పోయేది రోజూ కొత్తగా వండుతారు, సరుకు నిలవ ఉండదు. వంట చేసే చేతికి కూడా అది అలవాటై ఉంటుంది.

మధ్యాహ్నం ప్రత్యేకంగా పెట్టే సెట్ భోజనం త్వరగా వస్తుంది, చవక కూడా. కానీ అందులో చాలావరకు ముందే వండి ఉంచినవే కాబట్టి వంట చేసేవాళ్ల చేయి అంతగా తెలియదు. టైము తక్కువైతే సెట్ భోజనమే తీసుకుని, పక్కన అప్పటికప్పుడు చేసేది ఒక్కటి చెప్పండి. బఫే అయితే వేడివి ఆవిర్లు కక్కుతూ ఉండాలి, చల్లనివి నిజంగా చల్లగా ఉండాలి. వండినదాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా గానీ, 5 డిగ్రీల లోపు చల్లగా గానీ ఉంచాలని, గది వేడిలో రెండు గంటలకు మించి వదలకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యాహ్నం చివర్లో గోరువెచ్చగా మిగిలిన బఫే అన్నం జోలికి మాత్రం వెళ్లకండి. అలా ఉండిపోయిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ముగ్గురు కలిసి వెళ్లడం అన్నిటికంటే సుఖం. నాలుగైదు రకాలు పంచుకుని రుచి చూడొచ్చు, బిల్లూ భారం కాదు. ఎనిమిది మందితో మాత్రం కొత్త చోటికి మధ్యాహ్నం వెళ్లకండి. ఆ ఆర్డర్ ఒక్కసారి లోపలికి వెళ్తే కిచెన్ తడబడుతుంది, మీకు ఒకరి తర్వాత ఒకరికి ప్లేట్లు వస్తాయి. ఆ చోటు గురించి తెలిసేది తక్కువ.

7. ప్లేటు ముందుకు వచ్చాక

ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్క క్షణం చూడండి. గ్రేవీ మీద పల్చటి తెట్టు కట్టి, అంచుల్లో ఎండి ముదురు రంగుకు తిరిగిందంటే అది వండాక చాలాసేపు ఎక్కడో ఆగింది. ప్లేటు అంచు చెయ్యి కాలేంత వేడిగా ఉండి మధ్యలో చల్లగా ఉంటే మైక్రోవేవ్‌లో పెట్టి తీసి ఉండొచ్చు. వేయించినదాన్ని కాగితం మీద ఒక నిమిషం ఉంచండి. నూనె మడుగు కట్టిందంటే నూనె సరిగ్గా కాగకముందే వేశారు. రద్దీలో మొదట జరిగే పొరపాటు ఇదే, కొత్త కిచెన్లలో ఎక్కువ.

ఉప్పు ఎక్కువతక్కువలను ఒక్కరోజుకు మన్నించొచ్చు. మాంసం లోపల పచ్చిగా ఉండటం, చేప నీచు కంపు కొట్టడం, కూరగాయలు వాడిపోయి ఉండటం అలా వదిలేసేవి కావు. మొదటిది ప్రమాదం. మిగతా రెండూ సరుకు కొనే దగ్గరే మొదలైన తప్పులు.

బాగోకపోతే రెండో ముద్దకే చెప్పండి, ప్లేటు ఖాళీ అయ్యాక కాదు. గొంతు పెంచకుండా, విషయం మాత్రం స్పష్టంగా: ‘ఇది లోపల ఉడకలేదండీ, మార్చి ఇవ్వగలరా?’ ‘బాగాలేదు’ అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు. ఆ తర్వాత ఏం చేశారో గుర్తుపెట్టుకోండి. ప్లేటు తీసుకెళ్లి, కారణం కనుక్కుని, మార్చి తెచ్చిన చోటికి నేను తప్పక రెండోసారి వెళ్తాను. ‘ఇది ఇలాగే ఉంటుంది’ అని వాదించిన చోటు మెరుగుపడదు.

బిల్లు చదవకుండా కట్టకండి. కొత్త బిల్లింగ్ మెషిన్లలో పాత ధరలు, రెండుసార్లు పడిన ఐటమ్‌లు, అడగని నీళ్ల సీసా, సర్వీస్ ఛార్జ్ దొర్లుతుంటాయి. సర్వీస్ ఛార్జ్ ముందే కలిసి ఉంటే మళ్లీ టిప్పు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

8. రెండోసారి

అమెరికా పత్రికల్లో రెస్టారెంట్ సమీక్షకు ఒక క్రమశిక్షణ తెచ్చినవాడు క్రెయిగ్ క్లైబోర్న్. 1957లో న్యూయార్క్ టైమ్స్‌లో ఫుడ్ ఎడిటర్‌గా చేరాడు. తానెవరో చెప్పకుండా, పత్రిక డబ్బుతో బిల్లు కట్టి, ఒకే చోటికి ఒకటికి రెండుసార్లు వెళ్లాకే రాసేవాడు. మనం సమీక్షకులం కాకపోయినా ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. ఒక పూట అదృష్టం ఎటైనా ఉండొచ్చు.

రెండు మూడు వారాలు ఆగి, వారంలో వేరే రోజున వెళ్లండి. పోయినసారి తిన్న సాదా వంటకాన్నే మళ్లీ చెప్పండి, రెండోది మాత్రం కొత్తది చెప్పండి. అదే వంటకం అదే రుచితో వచ్చిందా, అంతే పరిమాణంలో వచ్చిందా? పోయినసారి చూసిన లోపాల్లో ఏవి పోయాయి? సర్వర్లలో పాత ముఖాలు ఉన్నాయా? ఫోన్‌లో తేదీ, తిన్నది, పట్టిన టైము, కట్టిన బిల్లు రెండు లైన్లలో రాసి ఉంచుకుంటే ఇవి పోల్చుకోవడం తేలిక. జ్ఞాపకం మీద ఆధారపడితే గుర్తుండేది ఆ రోజు మనకున్న ఆకలే.

రెండోసారికి తప్పులు తగ్గుతూ ఉంటే, రుచి ఇంకా పూర్తిగా కుదరకపోయినా ఆ చోటును మీ జాబితాలో ఉంచండి. మొదటిసారి అద్భుతంగా ఉండి రెండోసారికి పరిమాణం తగ్గి, సరుకు నాణ్యత దిగితే వదిలేయండి. ప్రారంభానికి పెట్టిన ఖర్చు అయిపోయి, ఇప్పుడు కోత మొదలైందని అర్థం.

9. నచ్చిందనుకున్నాక

నెల భోజనాల కార్డు, ముందే డబ్బు కట్టే కూపన్లు, సభ్యత్వాలు అమ్మబోతే తీసుకోకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. అమెరికాలోని కొలంబస్ నగర రెస్టారెంట్ల మీద హెచ్.జి. పార్సా బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ఏడాదిలోనే దాదాపు 26 శాతం, మూడేళ్లలో సుమారు 60 శాతం మూతపడినట్టు లేదా చేతులు మారినట్టు తేలింది. పదింట తొమ్మిది పోతాయని జనం అనుకునే దానికంటే ఇది తక్కువే. అయినా మీ డబ్బు ముందే ఇచ్చి కూర్చునేంత భరోసా మాత్రం కాదు. ఏ పూటకు ఆ పూట కట్టి తినండి.

రివ్యూ రెండోసారి తిన్నాకే రాయండి. ఏ వారం వెళ్లారో, ఏం తిన్నారో, ఎంతసేపు పట్టిందో అందులో ఉండాలి. లోపం ఉంటే ముందు మేనేజర్‌తో ముఖాముఖి చెప్పండి. కొత్త చోట ఒక్క చెడ్డ రివ్యూ మొత్తం రేటింగ్‌ను కిందికి లాగేస్తుంది, అక్కడ పనిచేసే పదిమంది జీతాలు దాని మీద ఆధారపడి ఉంటాయి. అలాగని అనారోగ్యం తెచ్చే తప్పును దాచకండి. అది తేదీతో సహా రాయండి, మీ ఊళ్లో ఆహార భద్రత చూసే శాఖకూ తెలియజేయండి. బాగున్న చోటి గురించి రాసేటప్పుడు ‘సూపర్’ అని వదిలేయకుండా ఏ వంటకం, ఏ టైములో వెళ్తే ప్రశాంతంగా తినొచ్చో చెప్పండి. గంట విరామంలో పరుగెత్తుకొచ్చే ఇంకొకరికి కావలసింది ఆ రెండు వాక్యాలే.